కంపెనీ మొత్తానికి ఒక్కడే తమ్ముడు

ఇప్పటి పిల్లలు ఫోనులోనే ఇన్‌కమ్ టాక్స్ రిటర్ను వేసేస్తున్నారు. టీ చల్లారేలోపు పని అయిపోతోంది. సంతోషం. మీరు చదవాలనే ఇది రాస్తున్నాను గానీ, పాఠం చెప్పడం నా ఉద్దేశం కాదు. విశాఖ రేవులో నాతో పనిచేసినవాళ్ళ మధ్య ఇప్పటికీ తిరుగుతున్న కథ ఒకటుంది. అందులో ఒక క్రేన్ ఆపరేటరు దొంగతెలివి చూపించి అందర్నీ చెడగొడతాడు. నేను పెద్దమనిషిలా వచ్చి అందర్నీ గట్టెక్కిస్తాను. ఆ రెండు సంగతులూ అబద్ధమే. నా వీడ్కోలు సభలో కూడా ఆ కథ చెప్పారు. హాలంతా నవ్వింది. మెడలో దండ ఉంది, ముందు కెమెరా ఉంది, నేనూ నవ్వాను. ఆ నవ్వు ఫొటోలో పడింది. మా ఆవిడ దాన్ని ఫ్రేము కట్టించి దువ్వాడలో మా ఇంటి ముందుగదిలో పెట్టింది. రోజూ చూడాల్సి వస్తోంది.

అసలు జరిగింది చెబుతాను.

ఓడల్లోంచి సరుకు దించే ఒక కంపెనీలో నేను టైమాఫీసు గుమాస్తాని. ఎవరు ఎన్నింటికి లోపలికి వచ్చారు, ఎవరు ఓవర్‌టైము చేశారు, ఎవరు చేసినట్టు రాయించుకోవాలని చూస్తున్నారు, ఇదీ నా ఉద్యోగం. బీకామ్ చదివానన్న ఒక్క నేరానికి జులై వచ్చేసరికి నన్ను అందరూ "ఆడిటర్ గారూ" అనేవారు. ప్రతి షిఫ్టుకీ అలాంటి ఆడిటరు ఒకడుంటాడు, మీ ఆఫీసులో కూడా ఉండే ఉంటాడు. క్యాంటీనులో చివరి బల్ల నాది. బొగ్గు దుమ్ముకి ల్యాప్‌టాప్ మీటలు నల్లబడేవి, రిటర్నుకోసారి జేబురుమాలుతో తుడిచేవాణ్ణి. ఫీజు ఒక టీ, రెండు మిరపకాయ బజ్జీలు. రిఫండు వస్తే పులస చేప పెడతానన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. పులస ముక్క ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ తెలియదు.

నా పద్ధతి చాలా సులువు. అందరిదీ ఒకే కంపెనీ, ఒకే చిరునామా, ఇంచుమించు ఒకే జీతం. కాబట్టి ఒకరి రిటర్ను పూర్తిచేసి, మళ్ళీ దాన్నే తెరిచి, పేరూ పాన్ నంబరూ జీతమూ బ్యాంకు ఖాతా మార్చి, ఇంకొకరి పేరు మీద సేవ్ చేసేవాణ్ణి. ఒక్క మధ్యాహ్నంలో సగం షిఫ్టు అయిపోయేది. నా వేగం చూసి జనం నోరెళ్ళబెట్టేవారు. అది కాపీ కొట్టడం అని ఎవరికీ తెలియదు, నేనూ చెప్పలేదు.

ఒక ఏడాది క్రేన్ ఆపరేటరు ఒకాయన, అందరూ లేచి వెళ్ళాక, నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. యారాడ మనిషి. వాళ్ళ ఇంట్లో తాతల నుంచీ చేపల వేటే, ఇతనొక్కడే ఒడ్డున పనికి వచ్చాడు. మాటకి ముందు "బావ" అనకుండా ఉండలేడు.

"బావ, నాకొక తమ్ముడున్నాడు. పుట్టినకాడ్నుంచి ఆడికి నడకా లేదు, మాటా లేదు. నానే సూసుకుంతన్నాను. అలాటోలుంటే టాక్సులో ఏటో తగ్గింపు ఉంతాదని మా ఊరి మాస్టారు సెప్పినారు. నిజవేనా?"

నిజమే. మన మీద ఆధారపడి బతికే వైకల్యం ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే, ఆదాయంలోంచి ఒక నిర్ణీత మొత్తం తగ్గిస్తారు. భార్యాబిడ్డలే కానక్కర్లేదు, తల్లిదండ్రులైనా, తోబుట్టువులైనా సరే. ఎంత ఖర్చయిందో బిల్లులు అడగరు, డాక్టర్ల సర్టిఫికెట్టు ఉంటే చాలు. చాలామందికి ఇలాంటిది ఒకటి ఉందనే తెలియదు. నేనూ ఆ రోజు పుస్తకం తిరగేశాకే ఖాయంగా చెప్పగలిగాను.

"మరి ఇన్నాళ్ళూ జీతాల సెక్షనులో ఎందుకు చెప్పలేదు? నెలనెలా కోత తగ్గేది కదా" అన్నాను.

"సెప్తే ఆఫీసంతా అడుగుతాది. ఎలాగున్నాడు, ఏటి తింతన్నాడు, అయ్యో పాపం అంతారు. పాపం అంతే ఆడికి కోపం. మొకం సూసి కనిపెట్టేత్తాడు. నాకూ కోపవే. నువ్వు కూడా ఎవలికీ సెప్పకు బావ."

చెప్పనన్నాను. అప్పట్లో సాఫ్ట్‌వేర్ కూడా ఏమీ అడిగేది కాదు. ఆ తగ్గింపు వరసలో ఒక అంకె కొడితే చాలు. కొట్టాను, పంపించాను. కొన్ని వారాలకి అతనికి రిఫండు వచ్చింది. తమ్ముడికి చక్రాల కుర్చీ కొన్నాడు. ఇసకలో అది కదలదని కొన్నాక గాని వాళ్ళకి తట్టలేదు.

అతని తరవాత నా బల్ల దగ్గరికి వచ్చినాయన మా ఫోర్‌మన్. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు, కానీ మాట మాత్రం ఇక్కడిది అంటనివ్వలేదు. నేను అలవాటు ప్రకారం పాత ఫైలు తెరిచాను. పేరు మార్చాను. పాన్ మార్చాను. జీతం మార్చాను. బజ్జీలు వేడిగా వచ్చాయి. ఆ తమ్ముడి వరస మాత్రం అలాగే ఉండిపోయింది.

రిఫండు పడిన రోజున ఫోర్‌మన్ నన్ను క్యాంటీను మధ్యలో కావలించుకున్నాడు.

"ఆయ్, గురువుగారూ, మీ చేతిలో ఏదో ఉందండీ బాబూ. ఇంత డబ్బు చూసి మా ఆవిడ నన్ను అనుమానించిందండీ. ఎవరిది తెచ్చావని అడిగిందండి."

అప్పుడు ఫైలు తెరిచి చూసుకున్నాను. తమ్ముడి వరస కనబడింది. అప్పటికప్పుడు "అయ్యా, పొరపాటు జరిగింది, రిటర్ను సవరించి డబ్బు వెనక్కి కట్టేద్దాం" అని ఉంటే, ఈ కథ అక్కడితో ముగిసేది. కానీ అలా చెబితే నేను కాపీ కొడతానని బయటపడుతుంది. ఆడిటర్ గారి వైభవం ఒక్క పూటలో మసి అయిపోతుంది.

"అదొక సెక్షను ఉందిలెండి" అన్నాను.

"ఏ సెక్షనండీ? మా తోడల్లుడికి కూడా చెబుతానండి."

"ఎందుకండీ, వచ్చింది కదా."

ఆయన వదల్లేదు. రోజూ టీ దగ్గర అదే ప్రశ్న. చివరికి ఒకరోజు విసిగిపోయి, "మన క్రేన్ ఆయన అడిగితే వేశానండీ, అదే మీకూ వేశాను" అన్నాను.

ఆ ఒక్క వాక్యం కోసమే ఇదంతా రాస్తున్నాను. చెప్పనన్న సంగతి చెప్పాను. అది కూడా ఎలా చెప్పాను? అతనెవరో చిట్కా తెలిసినవాడు వచ్చి నాకు నేర్పినట్టు. అతనికి నిజంగా ఒక తమ్ముడున్నాడన్న ముక్క మింగేశాను.

ఫోర్‌మన్ తన రిటర్ను కాగితాలు పట్టుకుని సీతమ్మధారలో ఒక "రిఫండ్ స్పెషలిస్టు" దగ్గరికి వెళ్ళాడు. ఏసీ గది, గాజు తలుపు, లోపలికి వెళ్ళగానే అత్తరు వాసన. ఆ ఏజెంటు కాగితం ఒక్కసారి చూసి, "ఓహో, తమ్ముడా, తమ్ముళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు" అన్నాడట. వచ్చిన రిఫండులో కొంత శాతం ఆయనకిస్తే చాలు, కాగితాలేవీ అక్కర్లేదు. ఫోర్‌మన్ ద్వారా ఆ మాట కంపెనీ అంతా పాకింది. మరుసటి జులైకి నా బల్ల ఖాళీ. బజ్జీలు నేనే కొనుక్కుని తిన్నాను.

"ఆడిటర్ గారూ, మీరు మరీ పద్ధతైన మనిషండీ, మీతో మాకు గిట్టుబాటు కాదండి" అని ఎదురుగానే అనేవారు. సిగ్గుతో చచ్చిపోయానని రాస్తే బాగుండును. నిజానికి అసూయతో చచ్చిపోయాను.

ఆ ఏడాది మా కంపెనీలో వైకల్యం ఉన్న తమ్ముళ్ళు గుంపులుగా పుట్టుకొచ్చారు. ఫోర్‌మన్ తన తల్లిదండ్రులకి ఒక్కడే సంతానం, ఆయనకీ ఒక తమ్ముడున్నాడు. నలుగురు ఆడపిల్లల తరవాత ఆఖరున పుట్టిన ఒక మెకానిక్కుకి ఇద్దరు. జాలి పుట్టించే సంగతేమిటంటే, వాళ్ళలో సగంమందికి తమకి తమ్ముడున్నాడని తెలియదు. ఏజెంటు ఏం రాశాడో ఎవరూ చదవలేదు.

ఇక్కడ ఒక్క మాట ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇలాంటివాళ్ళు మీ ఫోనుకి కూడా మెసేజీలు పెడుతూనే ఉంటారు. పెద్ద రిఫండుకి ఆశపడినందుకు వాళ్ళని నేను తప్పుపట్టను. అందరూ చేసిన పెద్ద పొరపాటు వేరే. ఆ ఏజెంటు ప్రతివాళ్ళ ఖాతాలోనూ తన మెయిలూ తన ఫోను నంబరూ పెట్టుకున్నాడు. పాస్‌వర్డ్ అందరికీ ఒకటే, "విశాఖ" అన్న మాటా, పక్కన నాలుగంకెలూ. అందుకని డిపార్టుమెంటు నుంచి "మీ క్లెయిము ఒకసారి సరిచూసుకోండి" అని వచ్చిన కబుర్లన్నీ ఆయనకే వెళ్ళాయి. ఆయన చూసుకున్నాడు, గది ఖాళీ చేశాడు. కొన్నాళ్ళకి ఆ గాజు తలుపు వెనక కుక్కపిల్లల ఆహారం అమ్మే దుకాణం వచ్చింది.

మావాళ్ళకి సంగతి తెలిసింది ఇళ్ళకి తపాలాలో నోటీసులు వచ్చాకే.

ఆ రోజు పగటి షిఫ్టు దిగాక క్యాంటీను నిండిపోయింది. మళ్ళీ అందరూ నా బల్ల చుట్టూ. ఎవరో చెప్పకుండానే బజ్జీలు తెచ్చి పెట్టారు. నేను నోటీసులన్నీ చూసి, దారి చెప్పాను: తప్పు ఒప్పుకుని సవరించిన రిటర్ను వెయ్యాలి, పన్నూ దాని మీద వడ్డీ, అదనపు రుసుమూ కట్టాలి, అంతే.

"అసలు మాకేం తెలుసండీ" అన్నాడు ఫోర్‌మన్ నోరు చేసుకుని. "మొదలెట్టింది ఆ క్రేన్ ఆయనండీ. ఆయన అడిగితేనే గురువుగారు వేశారటండి. కావాలంటే గురువుగారినే అడగండి."

అందరూ నా వైపు చూశారు. క్రేన్ ఆపరేటరు తలుపు దగ్గర హెల్మెట్ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతనూ చూశాడు.

"ఇప్పుడు ఎవరు మొదలెట్టారన్నది ముఖ్యం కాదు" అన్నాను. "ఎలా బయటపడాలన్నది చూడాలి."

ఎంత హుందాగా అన్నానో మీరు చూడలేదు. ఆ మాటకి నాకు ఎంత గౌరవం పెరిగిందంటే, చివరికి వీడ్కోలు సభలో కూడా దాన్ని తలుచుకున్నారు.

"ఏరా, నీకు తమ్ముడున్నాడా అసలు?" అని ఎవరో అతన్ని అడిగారు.

"ఉన్నాడు."

"మాకూ ఉన్నార్రా" అన్నాడు ఇంకొకడు. నవ్వులు.

నేను అతన్ని పక్కకి పిలిచి, నోటీసు చూశాను. అందరికీ వచ్చిందే అతనికీ వచ్చింది. ఒకే కంపెనీ నుంచి అంతమంది తమ్ముళ్ళు కనిపించాక, నిజం తమ్ముణ్ణి ఎవరు వేరు చేస్తారు?

"నువ్వూ అందరితోపాటు తీసెయ్యి. గొడవ వదిలిపోతుంది" అన్నాను.

"తీసెయ్యడం అంతే ఏటి సెయ్యాలి?"

"మళ్ళీ రిటర్ను వేసి, ఆ గడిలో సున్నా పెట్టాలి."

"సున్నా పెడితే ఏటని అర్థం?"

"తమ్ముడి మీద క్లెయిము లేదని."

"తమ్ముడు లేడని."

"అలా అని కాదు..."

"అలాగనే. ఆల్లకి సున్నా నిజవే బావ. నాకు అబద్ధం. నాను రాయను."

"రుజువు చూపించలేకపోతే జరిమానా వేస్తారు. దొంగ క్లెయిము వేసినవాడని పేరు పడుతుంది."

"ఇప్పుడు పడనట్టు మాటాడతన్నావేటి?"

మరుసటి ఆదివారం సర్టిఫికెట్టు కోసం యారాడ వెళ్ళాను. తమ్ముణ్ణి అరుగు మీద పాత వల పరిచి పడుకోబెట్టారు, నలభైకి దగ్గరపడ్డ మనిషి. నన్ను చూసి గోడవైపు తిరిగాడు. "నా మీద కోపం. నిన్న డూటీ నుంచి లేటుగా వొచ్చినాను" అన్నాడు అన్న. "టన్నులు టన్నులు ఎత్తుతాను గాని ఈడిని ఇటు తిప్పలేను." ఆ మాట విని గోడవైపున్న మనిషి భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు.

సర్టిఫికెట్టు ఎప్పుడో చిన్నప్పుడు చేతిరాతతో ఇచ్చింది. ఉప్పు గాలికి ముద్ర చెదిరిపోయింది. స్కాన్ చేస్తే నల్లటి మచ్చ వచ్చింది. కొత్తగా డాక్టర్ల బోర్డుకి చూపించి, నంబరున్న కార్డు తెచ్చుకోవాలి. జవాబుకి గడువు దగ్గర్లోనే ఉంది.

ఇద్దరం సెలవు పెట్టి, ఆటోలో కొండ దిగి, తమ్ముణ్ణి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. మలుపు తిరిగినప్పుడల్లా తమ్ముడు నా మీదకి ఒరిగేవాడు, ఒరిగినప్పుడల్లా నా కళ్ళజోడు పీకేవాడు. ఆసుపత్రి వసారాలో అన్న అతన్ని వీపుమీద మోస్తూ వరసలో నిలబడ్డాడు. కూర్చోవడానికి బల్ల లేదు. అక్కడ, ఎందుకో, ఇక ఆపుకోలేకపోయాను.

"నీ ఫైలు మీదే మిగతావాళ్ళవి వేశాను. ఫోర్‌మన్‌ది వేసేటప్పుడు ఆ వరస తుడవడం మరిచిపోయాను. ఆయన గుచ్చి గుచ్చి అడిగితే, నువ్వడిగావని చెప్పేశాను."

అతను వీపుమీద బరువు సర్దుకున్నాడు.

"పేరు మార్చినావు. పాను మార్చినావు. తమ్ముణ్ణి మార్చలేదేటి?"

"కనిపించలేదు."

"అవునులే. ఆడెవలికీ అగుపడడు" అన్నాడు. తరవాత, "మరి ఆల్లకి సెప్పినావా?"

"లేదు."

"సెప్పు."

సరేనన్నాను. అప్పుడే మమ్మల్ని లోపలికి పిలిచారు. డాక్టరమ్మ కాగితాలు చూసి, "ఈయన మీ తమ్ముడేనా?" అని అడిగింది.

"మా కంపెనీ మొత్తానికి తమ్ముడేనమ్మా" అన్నాడు అతను. "పుట్టింది మట్టుకు మా ఇంట్లో."

ఆవిడ అర్థం కాక నా వైపు చూసింది. "మీరెవరు?"

"ఈయన కాపీ మాస్టారమ్మా" అన్నాడు.

పరీక్షలన్నీ అయ్యాయి. కార్డు వచ్చింది. ఆ పాటికి సాఫ్ట్‌వేర్ కూడా మారిపోయింది. ఆ వరస మీద నొక్కితే ఇంకో పేజీ తెరుచుకుంటోంది: ఏ సంబంధం, ఆధార్ ఏది, కార్డు నంబరెంత. నొక్కిన ప్రతిదానికీ జవాబు ఉండటం ఎంత హాయిగా ఉంటుందో ఆ రోజే తెలిసింది. అన్నీ ఒక్కొక్కటే చదివి, అతని ఆ ఏడాది రిటర్ను కొత్త ఫైలులో, మొదటి అక్షరం నుంచీ టైపు చేశాను. పాత నోటీసుకి జవాబు కూడా పంపాం. కొన్ని నెలలకి అతని క్లెయిము ఒప్పుకున్నట్టు ఉత్తరం వచ్చింది. మిగతావాళ్ళు వాయిదాల్లో డబ్బు కట్టుకున్నారు.

అందరికీ చెబుతానన్నాను కదా. జనం డబ్బు కట్టే ఏడుపులో ఉన్నారు, ఇది అయ్యాక చెబుదామనుకున్నాను. తరవాత జీతాల ఒప్పందం గొడవలు వచ్చాయి. తరవాత ఫోర్‌మన్ రిటైరయ్యాడు, ఆయన లేకుండా చెబితే ఏం బాగుంటుందనుకున్నాను. చూశారా, వాయిదా వేసే విద్యలో నాకు ఏ కాపీ అక్కర్లేదు. ఈలోగా అతనికి "తమ్ముళ్ళ మాస్టారు" అన్న పేరు స్థిరపడింది. కొత్తగా చేరినవాళ్ళకి అతని అసలు పేరు తెలియక అలాగే పిలిచేవారు. అతను పలికేవాడు.

కంపెనీ నన్ను యాభై దాటగానే ముందస్తుగా ఇంటికి పంపించింది. ఆ సభలో మైకు పట్టుకున్నాయన తమ్ముళ్ళ మాస్టారి కథ చెబుతుంటే, అతను చివరి వరసలో కూర్చుని, ప్లేటులో మైసూరుపాకు వేలితో పొడి చేస్తున్నాడు. నాకు మైకు ఇచ్చినప్పుడు చెప్పి ఉండొచ్చు. అందరికీ ధన్యవాదాలు చెప్పి కూర్చున్నాను.

ఇది రాశాక, అచ్చుకి ఇచ్చే ముందు, యారాడ వెళ్ళి అతనికి మొత్తం చదివి వినిపించాను. ఎవరికీ చెప్పొద్దన్న సంగతి కదా, ఒప్పుకోకపోతే చింపేద్దామనే వెళ్ళాను. తమ్ముడు కూడా అరుగు మీదే ఉన్నాడు. ఇసకలో కదలని చక్రాల కుర్చీ గురించి వచ్చినప్పుడు ఇద్దరూ నవ్వారు. నా హుందా మాట దగ్గర అన్న ఒక్కడే నవ్వాడు.

చదవడం అయిపోయాక అతనన్నాడు:

"ఇచ్చెయ్యి. అచ్చేయించు. మరి ఇందులో ఎవలి పేర్లూ లేవేటి?"

"ఎవరికీ ఇబ్బంది రాకూడదని. నీ పేరూ రాయలేదు, ఫోర్‌మన్ పేరూ రాయలేదు."

"నాది దాసినావు, సరే. నీది దాసుకున్నావు, అదీ సరే. ఆడిది దాయకు బావ. ఇప్పటికే సానామంది ఆడు లేడన్నారు."

అతని తమ్ముడి పేరు నూకరాజు.